సద్యఃప్రసవము

ఉత్తరకాండమునందు పార్వతీదేవి రాక్షసస్త్రీలకు ప్రసాదించిన వరమొకటి కలదు. విద్యుత్కేశుని భార్యయగు సాలకటంకట మందరపర్వతము మీద కుమారుని కని, భర్తతోడి విహారమునందలి తమకముచేత ఆ పసికందును అచ్చటనే విడిచి వెడలిపోయెను. పిడికిలి నోటనుంచుకొని సన్నసన్నగా ఏడ్చుచున్న ఆ శిశువు గొంతు, వృషభవాహనుడై ఆకాశమార్గమున పోవుచున్న పరమేశ్వరుని చెవిని పడెను. శివుడు కరుణించి ఆ బిడ్డను తల్లి యీడువానిగా చేసెను. పార్వతి అంతటితో తృప్తిపడక, ఇకమీదట రాక్షసస్త్రీలు గర్భము ధరించిన తత్క్షణమే ప్రసవింతురనియు, పుట్టిన బిడ్డలు పుట్టినంతనే తల్లి వయస్సును పొందుదురనియు వరమిచ్చెను. భారతమునందు హిడింబ ఘటోత్కచుని కన్నది ఈ రీతినే. రాక్షసి కాకపోయినను సత్యవతి యమునాద్వీపమున వ్యాసుని కన్నదియు సద్యోగర్భముననే. గాంధారి మాత్రము రెండేండ్లు మోసి, కుంతికి కొడుకు పుట్టెనని విని, ఓర్వలేక కడుపు బాదుకొనెను.

ఈ కథలలో నాకు ఎప్పుడును వింతగా తోచునది ఒకటి కలదు. ఆ వరము తల్లి కోరినది కాదు. కోరుటకు ఆమె అక్కడ లేనే లేదు. ఏడ్చుచున్న బిడ్డను చూచి జాలిపడిన జగన్మాత కనుటలోని శ్రమను, పెంచుటలోని శ్రమను ఒక్కమారే తీసివేసెను. దానితోపాటు ఆ జాతికి బాల్యమే లేకుండ పోయెను. ఉగ్గుపాలు, ఊయల, బోర్లపడుట, తప్పటడుగులు అను ముచ్చటలేవియు ఎరుగని తల్లి, తన కొడుకును తొలిచూపునందే తన యీడు మగవానిగా చూచి ఏమనుకొనియుండునో వాల్మీకి చెప్పలేదు. చెప్పియుండిన బాగుండెడిది.

మనుష్యుల యిండ్లలో కాన్పునకు సంబంధించిన ఏర్పాటంతయు వ్యవధి మీద ఆధారపడినది. గాజులు తొడిగి సీమంతము జరుపుట, మంచిరోజు చూచి పిల్లను పుట్టింటికి తీసికొనివచ్చుట, మెత్తబడిన పాతచీరలను ఉడుకునీట ఉతికి ఎండవేసి పొత్తిగుడ్డలకై మడిచి దాచుట, బాలింతకాయమునకు శొంఠి, పిప్పళ్ళు, పాతబెల్లము తెప్పించుట, ఇవన్నియు రాబోవువాడు చెప్పి వచ్చునను నమ్మకముమీద సాగు పనులు. ఆసుపత్రివారి లెక్కయు ఇట్టిదే. గర్భాశయముఖము 5 సెంటీమీటర్లు విచ్చుకొన్నది మొదలు పూర్తిగా తెరచుకొనువరకు తొలికాన్పునందు సాధారణముగా 12 గంటలు, మలికాన్పులందు 10 గంటలు దాటదని ప్రపంచ ఆరోగ్యసంస్థవారు 2018లో వెలువరించిన సూచనలలో వ్రాసిరి. అనగా అంతవరకు పట్టినను కంగారుపడనక్కరలేదని తాత్పర్యము. నొప్పులు మొదలైన 3 గంటలలోపుగనే బిడ్డ భూమిమీద పడినచో దానిని వైద్యులు వేరొక తరగతిగా ఎంచుదురు. గర్భాశయము మితిమీరిన బలముతో ముడుచుకొనుటయో, మునుపటి కాన్పులచేత దారి వదులైయుండుటయో, తొలినొప్పులు నొప్పులుగా తెలియకపోవుటయో ఇందుకు కారణములు. ఒకమారు త్వరగా కన్నవారు మరల త్వరగా కనుట కద్దు.

మా చిన్నమ్మాయి మలికాన్పునకు కోనసీమలోని మా యింటికి వచ్చియుండెను. ఆమె తొలికాన్పు కూడ త్వరితముగనే జరిగెను. బంధువులందరు దానిని అదృష్టపు ఖాతాలో జమకట్టి మరచిపోయిరి. వైద్యులు చెప్పిన గడువునకు ఇంకను వ్యవధి యున్నది. అల్లుడు హైదరాబాదునుండి వచ్చుటకు గౌతమీ ఎక్స్‌ప్రెస్సులో తరువాతి వారమునకు టిక్కెట్టు తీసియుంచెను. మా యింటినుండి అమలాపురము పోవలెనన్నచో కాలువగట్టున కొంత దూరము, పిదప వంతెన, అటుపిమ్మట గాని తారురోడ్డు రాదు. ఇవన్నియు ముందుగనే ఆలోచించి, కారువానితో మాటలాడి, సంచి సర్ది గోడవార పెట్టియుంచితిమి. ఆ సంచి కడవరకు ఆ గోడవారనే యుండెను.

తెల్లవారుజామున అమ్మాయి లేచి నడుము లాగుచున్నదనెను. "ఏం లేదులే అమ్మా, రాత్రి తిన్న పనసకాయ కూర పడలేదేమో" అని తానే సమాధానమును చెప్పుకొనెను. మా ఇల్లాలు జీలకర్ర కషాయము పొయ్యిమీద పెట్టెను. మా వైపు ఇది పాత ఆచారము: దొంగనొప్పులైనచో ఆ కషాయమునకు తగ్గుననియు, నిజమైనవైనచో హెచ్చుననియు పెద్దల మాట. పరీక్ష యెంత చక్కనిదైనను పరీక్షకు పట్టు కాలమొకటి యుండును గదా! కషాయము ఒక పొంగు వచ్చులోపల లోపలిగదినుండి "అత్తయ్యా!" అని కేక వినబడెను. ఆ కేక తల్లికొరకు కాదు, భర్తకొరకు కాదు, ఇంటనున్న మా అక్కగారి కొరకు. ప్రమాదవేళ మనుష్యుడు తనకు ప్రియమైనవారిని గాక పని తెలిసినవారిని పిలుచునని నాకు ఆనాడు అర్థమయ్యెను. ఉమ్మనీరు అప్పటికే పోయినది.

నేను 108కి ఫోను చేసితిని. ఆ సేవ ఆరంభమైనది 2005లో, హైదరాబాదునందు. నేటికి పల్లెటూళ్ళ పసిపిల్లలకు గూడ ఆ మూడంకెలు కంఠస్థము. అవతల మాటలాడిన అమ్మాయి గొంతులో తొందర లేదు. ఊరు, వీధి, గుడి గుర్తు, ఎన్నవ కాన్పు అని వరుసగా అడిగి, బండి బయలుదేరినదని చెప్పి, ఫోను పెట్టవద్దని ఆజ్ఞాపించి, స్పీకరు పెట్టుమనెను. నేను గుమ్మము వెలుపల గోడవైపు తిరిగి నిలిచి, ఆ ఫోనును చేయి చాచి గదిలోనికి పట్టుకొంటిని. ఆ జరుగుచున్న కార్యములో నాకు దక్కిన పాత్ర అంతమాత్రమే, దీపపు సెమ్మెవంటిది.

మా అక్కగారు చేతి గాజులు తీసి మా ఇల్లాలి చేతిలో పెట్టి, మోచేతులదాక సబ్బుతో కడుగుకొని లోనికి పోయెను. ఆమె మంత్రసాని కాదు. కాని చిన్నతనమున మా అమ్మ పురుళ్ళకు ఊరి మంత్రసాని వచ్చినపుడెల్ల నీళ్ళు అందించుటకు కూర్చుండినది. ఆ మంత్రసాని చేసినదానికంటె చేయక ఊరకున్నదే యెక్కువయని అక్కగారు తరచు చెప్పుచుండెడిది. "లాగకూడదు, తొయ్యకూడదు, తలకి చెయ్యి అడ్డం పెట్టి ఊరుకోవాలి. మిగతాది బిడ్డే చూసుకుంటాడు" అని. ఫోనులోని అమ్మాయియు అక్షరాల ఆ మాటయే చెప్పెను. ఒకతె బడికి పోనిది, వేరొకతె తర్ఫీదు పొందినది. ఇద్దరికిని ఆ గదిలో పేచీ వచ్చినది ఒక్కచోటనే. బిడ్డ కెవ్వుమన్న పిమ్మట అక్కగారు నాలుకమీద తేనె రాయుదునన్నది. ఆ అమ్మాయి "వద్దమ్మా, తల్లిపాలే" అని కచ్చితముగా అడ్డుపడినది. మా అక్కగారి మాటకు అడ్డుచెప్పి నెగ్గినవారిని నేను చూచుట అదియే ప్రథమము.

బిడ్డ వచ్చినది ఎన్నవ నొప్పికో చెప్పుట కష్టము. నొప్పులను విడివిడిగా లెక్కించుటకు వీలు లేకుండెను. మగపిల్లవాడు. అక్కగారు పాత నేతచీర ముక్కతో వాని వీపును తలను తుడిచి, ఆ తడిముక్కను పారవైచి, మరియొక పొడిముక్క కప్పి, తల్లి రొమ్ములమీద బోర్లించెను. బొడ్డు కోయవలదనియు, మాయను లాగవలదనియు, దానియంతట అది పడుననియు, బిడ్డకు స్నానము ఆనాడు చేయింపవలదనియు ఫోను చెప్పుచునే యుండెను. అప్పటికి మా ఇల్లాలు కషాయము గ్లాసులో వడగట్టి గుమ్మమువద్దకు తెచ్చెను. అందులో మంచివాసన వచ్చుచుండెను గాని, ఎవరును త్రాగలేదు.

108వారు వచ్చి బొడ్డుతాడునకు రెండు క్లిప్పులు బిగించి నడుమ కోసిరి. తల్లి తొడకు ఒక సూదిమందు ఇచ్చిరి. అది ఆక్సిటోసిన్. పీయూషగ్రంథి రసమునకు గర్భాశయమును ముడిచివేయు శక్తి కలదని 1906లో హెన్రీ డేల్ అను ఆంగ్లశాస్త్రజ్ఞుడు కనుగొనెను. అందలి సారమును 1953లో ప్రయోగశాలయందు నిర్మించిన విన్సెంట్ డూ విన్యో 1955లో నోబెల్ బహుమానమును పొందెను. సాగని కాన్పును సాగించుటకు ఇచ్చు మందు అదియే, కాన్పు ముగిసిన పిమ్మట రక్తమును అరికట్టుటకు ఇచ్చు మందును అదియే. బిడ్డ చన్ను పట్టినపుడు తల్లి దేహమున దానియంతట పుట్టి పాలు దింపునదియు అదియే. అతివేగముగా శ్రమించిన గర్భాశయము కాన్పు కాగానే అలసి సడలిపోవుట కలదనియు, అట్లు సడలినచో రక్తము ఆగదనియు, త్వరితప్రసవమునందు అసలు భయపడవలసినది బిడ్డ పుట్టిన తరువాతి గంటకేయనియు బండిలో వచ్చిన యువకుడు నాకు నెమ్మదిగా చెప్పెను. దారి పూర్తిగా విచ్చుకొనుటకు సమయము లేకపోవుటచేత చీలికలు కూడ పడును. అమ్మాయికి ఆసుపత్రిలో కుట్లు పడినవి. "సులువైన కాన్పు" అన్నవారిలో ఎవరును ఆ కుట్ల సంగతి ఎత్తలేదు.

ఇక జాతకము మాట. మా బావగారు పంచాంగము చూడనిదే క్షవరము కూడ చేయించుకొనరు, ఆయన ఫోనులో అడిగిన మొదటి ప్రశ్న "వేళ ఎంత?" అని. గదిలో గోడగడియారము లేదు. ఉన్నను చూచు తీరిక ఎవరికి? శిరోదయమా, భూపతనమా, బొడ్డుకోతయా, ఏది జననసమయమని జ్యోతిష్కులలో గల వాదము వేరొకటి. భూపతనము మా విషయమున అసలే జరుగలేదు, అక్కగారి చేతులు అడ్డుండుటచేత. తుదకు నా ఫోనులోని లెక్కను పట్టుకొంటిమి: 108కి మాటలాడుట మొదలుపెట్టిన నిమిషము, ఎంతసేపు మాటలాడినది ఆ యంత్రమే వ్రాసిపెట్టియుంచెను. ఆ నడుమ ఎక్కడనో వాడు పుట్టినాడు. లగ్నము సుమారు రెండు గంటలు నిలుచును గనుక కొద్ది నిమిషముల తేడాకు భయము లేదని బావగారు తీర్పు చెప్పిరి. నవాంశ మాత్రము సుమారు పదమూడు నిమిషములకే మారును. అది సందిగ్ధమనియు, వానికి పెండ్లి సంబంధములు చూచునప్పుడు తేల్చుకొందమనియు వాయిదా వేసిరి.

అల్లుడు టిక్కెట్టు మార్చుకొని మరునాటి ఉదయమే దిగెను. వచ్చినవారు వచ్చినట్లే అమ్మాయితో అనిన మాట ఒక్కటియే: "ఎంత అదృష్టవంతురాలివమ్మా! ఇట్టే అయిపోయింది." ఒకావిడ తన రెండు పగళ్ళు, రెండు రాత్రుల నొప్పుల కథ చెప్పి, ఈమెను చూచి ఈర్ష్యపడెను కూడ. అమ్మాయి వినుచు, నవ్వవలసినచోట నవ్వుచు, బిడ్డ కాలివ్రేళ్ళను ఒక్కొక్కటిగా సరిచూచుకొనుచుండెను. అందరు వెళ్ళిన పిమ్మట ఆమె నాతో అన్నది: "వాడొచ్చేశాడు నాన్నగారూ, నేనే ఇంకా రాలేదు."

ఈ మాట నన్ను చాలకాలము వదలలేదు. మనము బాధను గడియారముతో కొలుచుటకు అలవాటుపడితిమి. ఎక్కువసేపు పట్టినది ఎక్కువ బాధయనియు, తక్కువసేపు పట్టినది తక్కువ బాధయనియు కూడికలు వేయుదుము. కాని సామాన్యప్రసవమునందు నొప్పికిని నొప్పికిని నడుమ ఎడముండును. ఆ ఎడములో స్త్రీ ఊపిరి కూడదీసికొనును, గ్రుక్కెడు నీళ్ళు త్రాగును, తల్లిని పిలుచును, భర్తను తిట్టును, ఇంటిదేవునికి మ్రొక్కును, రాబోవునది ఎంతటిదో ఇంచుక ఇంచుకగా ఒప్పుకొనును. త్వరితప్రసవము హరించునది ఆ ఎడమునే. గోదావరి ఒడ్డున పుట్టినవారికి ఈ భేదము బోధపడకపోదు. భద్రాచలమువద్ద నీరు 43 అడుగులకు వచ్చినపుడు మొదటి ప్రమాదహెచ్చరిక, 48 అడుగులకు రెండవది, 53 అడుగులకు మూడవది. ఆ వార్తలు రేడియోలో వినుచు లంకలవారు పశువులను గట్టెక్కింతురు, ధాన్యము అటకమీదికి చేర్తురు, వండిన అన్నము తిని మరీ పడవ ఎక్కుదురు. మన్యములోని కొండవాగు అట్లు కాదు. సాయంకాలము చెప్పులు తడవకుండ దాటిన వాగు అర్ధరాత్రి మనిషిని ఈడ్చుకొనిపోవును. తెల్లవారునప్పటికి నీరు తీసిపోవును. చూడవచ్చినవారికి అక్కడ తడియిసుక తప్ప మరేమియు కానరాదు గనుక, పెద్ద వరద కాదనుకొని వెళ్ళుదురు.

అమ్మాయి చేతులు కాన్పు అయిన తరువాత చాలసేపు వణకెను. చలి కాదు, అట్లు వణకుట సామాన్యమేయని నర్సు చెప్పెను. ఆ వణకు చూచిననాటినుండి నాకు సుఖప్రసవమను దీవెన పలుకుటకు నోరు తడబడుచున్నది. సుఖమును కోరుటలో దోషము లేదు. వేగమునే సుఖమనుకొనుటలో ఉన్నది.

మరియొక సంగతి. 1992–93 నాటి జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో ఆంధ్రదేశమున ఆసుపత్రి కాన్పులు సుమారు మూడింట ఒకవంతు మాత్రమే. 2019–21 నాటి సర్వేనాటికి ఆంధ్రప్రదేశములో 96.5 శాతము, తెలంగాణములో 97 శాతము. ఇది మహోపకారము, సందేహము లేదు. మట్టికొడవలితో బొడ్డు కోయగా ధనుర్వాతము సోకి పోయిన పసికందుల లెక్క మన తాతముత్తాతల యిండ్లలో ఎవరును వ్రాసిపెట్టలేదు. తల్లులకు బిడ్డలకు ఆ వ్యాధి సమస్యగా లేకుండ పోయినదని భారతదేశము ధ్రువీకరణము పొందినది 2015లో మాత్రమే. మంత్రసాని కాలమును తలచి కన్నీరు పెట్టుకొను రసికులతో నాకు పొత్తు లేదు. కాని ఆసుపత్రికి చేరులోపల బిడ్డ వచ్చినచో, ముగ్గురు పట్టభద్రులున్న యింటిలో పట్టుకొనుటకు చేతులు వచ్చినది అక్షరము రాని డెబ్బదియేండ్ల వృద్ధురాలొక్కతెకే. ఆమె తరము తరువాత మరి ఎవరు? ప్రతి యింటివారు మంత్రసానులు కానక్కరలేదు గాని, చేయవలసినవి నాలుగు, చేయరానివి నాలుగు తెలిసియుండుట అంత బరువైన విద్య కాదు.

మాకు కాలువగట్టైనను ఉన్నది, బండి వచ్చినది. మన్యపుగూడెములలో డోలీ కట్టి కొండదిగువకు మోయవలసిన చూలాలికి ఇట్టి వేగము కబుర్లు చెప్పుకొను ముచ్చట కాదు, ప్రాణసంకటము. సాలూరులో గిరిజన గర్భిణుల కొరకు వసతిగృహము నెలకొల్పి, నెలలు నిండకమునుపే వారిని క్రిందికి తీసికొనివచ్చి ఉంచుట ఈ కారణముననే. అట్టివి కొండకొకటి ఉండవలెను.

చదువరులకు నేను చెప్పదగినది కొంచెమే. ఒకమారు త్వరగా కన్న స్త్రీ మీ యింటనున్నచో ఆ మాట వైద్యులకు ముందే చెప్పుడు. గడువు దగ్గరపడకమునుపే ఆమెను ఆసుపత్రికి చేరువన ఉంచుడు. మెత్తని పొడిగుడ్డలు చేతికందునట్లు పెట్టుడు. ఆమె నడుము లాగుచున్నదన్నచో పనసకాయ కూరను నిందింపక, ముందు 108కి ఫోను చేయుడు. కషాయము పిమ్మట కాచుకొనవచ్చును.